ఐసీయూ అనుభవం ఉన్నవాళ్లు ఎన్‌క్లెక్స్ ఎందుకు తప్పుతున్నారు?

అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుగా (ఆర్ఎన్) పనిచేయాలంటే ఎన్‌క్లెక్స్-ఆర్ఎన్ అనే లైసెన్సు పరీక్ష పాసవ్వాలి. ఇక్కడ మాట్లాడుకుంటున్న ఇద్దరూ నర్సులే, ఒకే కాలేజీలో సీనియర్, జూనియర్. అక్క మన దేశంలోనే ఏళ్ల తరబడి ఐసీయూలో చేస్తోంది. ఒకసారి రాసి తప్పింది. చెల్లెలు పాసై అమెరికాలో ఉద్యోగం చేస్తోంది.

అక్క: వెంటిలేటర్ మీదున్న మనుషుల్ని రోజూ చూసుకునేదాన్ని. నాకు నర్సింగ్ రాదని ఒక కంప్యూటర్ తేల్చేసింది. దీన్ని ఎలా ఒప్పుకోమంటావు?

చెల్లెలు: నర్సింగ్ రాదని అనలేదక్కా. కొత్తగా డ్యూటీలో చేరిన నర్సు పేషెంటుకి హాని జరగకుండా నిర్ణయాలు తీసుకోగలదా లేదా, అంతవరకే అది చూస్తుంది. మీ చెయ్యి ఎంత తిరిగిందో దానికి తెలీదు, తెలుసుకోవాలనీ చూడదు.

అక్క: అదే నేననేది. కొత్తవాళ్ల కోసం పెట్టిన పరీక్షలో నేను తప్పానంటే లోపం పరీక్షలోనే ఉండాలి. నలుగురు పేషెంట్లని ఇచ్చి ఎవరిని ముందు చూస్తావంటారు. నాకు ఆ పని రోజూ ఉంటుంది.

చెల్లెలు: రోజూ ఉంటుంది. కానీ ఐసీయూలో ఎవరిని ముందు చూడాలో సగం మానిటరే చెప్పేస్తుంది. ప్రశ్నలో మానిటర్ మోగదు. ఒకరికి సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, ఆక్సిజన్ సాచురేషన్ 90. ఇంకొకరికి ఆపరేషన్ అయి రెండో రోజు, నొప్పి పదికి ఆరు. మూడో ఆయన షుగర్ పేషెంటు, డిశ్చార్జికి రెడీ. నాలుగో ఆవిడకి థైరాయిడ్ తీసేశారు, పెదాల చుట్టూ చీమలు పాకుతున్నట్టు ఉందంటోంది. మొదటాయన అంకె చూస్తే కంగారు పుడుతుంది, కానీ ఆ జబ్బులో అది ఉండేదే. నాలుగో ఆవిడ నెమ్మదిగానే చెప్తోంది. అయితే థైరాయిడ్‌ని ఆనుకుని ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిని కాల్షియం పడిపోతోందని ఆ మాటకి అర్థం. వదిలేస్తే గొంతు బిగుసుకుపోయి ఊపిరి ఆడదు. వెళ్లాల్సింది ఆవిడ దగ్గరికి.

అక్క: థైరాయిడ్ ప్రశ్న నేనెప్పుడూ తప్పలేదు తల్లీ! నాకు పాఠం చెప్పకు. నేను దెబ్బతిన్నది డెలిగేషన్‌లో, అంటే పని పంచడంలో. ఈ పని ఎల్‌పీఎన్‌కి, అంటే అక్కడ ఆర్ఎన్ కింద పనిచేసే లైసెన్సున్న నర్సుకి ఇవ్వాలా, నర్సింగ్ అసిస్టెంటుకి ఇవ్వాలా అని అడుగుతారు. ఎల్‌పీఎన్‌ని నా కంటితో చూసిందే లేదు. ఒళ్లు తుడిచేదీ నేనే, బీపీ చూసేదీ నేనే, రక్తం ఎక్కించేదీ నేనే, రికార్డు రాసేదీ నేనే. మిగిలింది పేషెంటు పక్కనున్న వాళ్లమ్మ చేస్తుంది. లేని మనుషులకి పని పంచమంటే ఎలా పంచను? ఇంకొకటి. కేన్సరని తేలితే మన దగ్గర ముందు కొడుకుని పక్కకి పిలిచి చెప్తారు. ఆ పరీక్షలో పేషెంటు ఒప్పుకోకుండా కొడుక్కి చెప్తే తప్పు. అమెరికాలో చదివి మొదటిసారి రాసినవాళ్లు 2023లో నూటికి 88 మందికి పైగా పాసయ్యారు. బయట చదివినవాళ్ల శాతం దానికి చాలా కిందుంది. మనమంతా తెలివితక్కువ వాళ్లమా?

చెల్లెలు: కాదు. ఈ విషయంలో మీ బాధ న్యాయమైనదే, కొట్టిపారేయను. అక్కడి పిల్లలు చదువులో భాగంగా ఆస్పత్రిలో చేసే క్లినికల్స్‌లోనే ఎల్‌పీఎన్‌లతో, అసిస్టెంట్లతో కలిసి పనిచేస్తారు. మనం పుస్తకంలో చదివి ఊహించుకోవాలి. ఇద్దరికీ ఒకటే పరీక్ష.

కానీ ఆ లైసెన్సు పనికొచ్చేది ఎక్కడ? అక్కడే కదా. నా షిఫ్టులో అసిస్టెంట్ బీపీ చూసి అంకె రాసి వెళ్తుంది. ఆ అంకె మంచిదో చెడ్డదో తేల్చాల్సింది నేను. కొత్తగా అడ్మిట్ అయిన పేషెంటుని మొదట పరీక్షించడం, డిశ్చార్జికి ముందు మందుల గురించి బోధించడం, ఇచ్చిన చికిత్స పనిచేసిందో లేదో అంచనా వేయడం, ఈ మూడూ ఆర్ఎన్ చేతిలోనే ఉండాలి. నిలకడగా ఉన్న పేషెంటుకి నోటిమాత్రలు ఎల్‌పీఎన్ ఇవ్వొచ్చు. నడిపించడం, స్నానం, తినిపించడం అసిస్టెంట్ పని. ఇవ్వకూడని పని ఇచ్చి పేషెంటుకి ఏదైనా అయితే జవాబు చెప్పాల్సింది పని అప్పగించిన నర్సే. ఇక పేషెంటు వివరాలు బయట పెట్టకూడదన్నది అక్కడ చట్టం. మీకు వింతగా అనిపించిన ఆ రెండు ప్రశ్నలే నా ఉద్యోగంలో మొదటి వారం నుంచీ ఎదురయ్యాయి.

మీకు అనుభవం తక్కువై తప్పారని నేననను. ఆ అనుభవంతో పాటు వచ్చిన అలవాట్లున్నాయి చూడండి, వాటి దగ్గర తప్పారు. ఆపరేషనై వచ్చిన పేషెంటు ఉన్నట్టుండి అటూ ఇటూ కదులుతూ అర్థంలేని మాటలంటున్నాడు. ముందు ఏం చేస్తారు?

అక్క: డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేస్తాను.

చెల్లెలు: చూశారా! పడక దగ్గర నిలబడితే మీ చెయ్యి దానంతటదే ఆక్సిమీటర్ మీదికి వెళ్తుంది. అదే కాగితం మీద అడిగితే ఫోన్ అంటున్నారు. డాక్టర్ని అడక్కుండా ఏదీ చేయకూడదని మనకి నూరిపోశారు. ఆక్సిజన్ తగ్గినా మనిషి అలాగే కంగారుపడతాడు, కాబట్టి ముందు సాచురేషన్ చూడు, ఊపిరి చూడు, తర్వాత ఫోన్ చెయ్యి అంటుంది పరీక్ష. రక్తం ఎక్కిస్తుంటే చలి, నడుంనొప్పి మొదలైనప్పుడూ అంతే. ముందు రక్తం ఆపాలి, కొత్త ట్యూబుతో సెలైన్ పెట్టి నరం నిలబెట్టుకోవాలి, ఆ తర్వాతే డాక్టర్.

అక్క: సరే, అది ఒప్పుకుంటాను. కానీ ఆ మెషీన్ సంగతేంటి? నాకు 85 ప్రశ్నలకే ఆగిపోయింది. 85కి ఆగితే పాసేనని ఈ పరీక్ష రాసేవాళ్ల గ్రూపులో అందరూ అన్నారు. సంతోషంగా ఇంటికొచ్చాను. రిజల్ట్ చూస్తే ఫెయిల్.

చెల్లెలు: 85కి ఆగితే పాసని రూలేమీ లేదక్కా. 85 నుంచి 150 వరకు ఎక్కడైనా ఆగొచ్చు. సరిగ్గా చెప్తే తర్వాతది కష్టంగా వస్తుంది, తప్పితే తేలికగా వస్తుంది. అలా మీ స్థాయిని అంచనా వేస్తూ పోతుంది. 85 అయ్యాక, పాస్ గీతకి పైనున్నారనో కిందున్నారనో 95 శాతం నమ్మకం కుదిరితే ఆగుతుంది. ఆగిందంటే తేలిపోయిందని అర్థం, పైకా కిందికా అన్నది బయటికి తెలీదు. నూట యాభైదాకా లాగి పాసైనవాళ్లూ ఉన్నారు.

అక్క: మరి ఆ గ్రూపువాళ్లే రాసొచ్చిన ప్రశ్నలు గుర్తుపెట్టుకుని పంచుతారు. అవి కొనుక్కున్నవాళ్లు పాసయ్యారట. నేను కొనలేదు, అదే నా తప్పేమో.

చెల్లెలు: అలా అనకండి. పరీక్ష గదిలో చూసింది బయట చెప్పనని ఒప్పుకున్నాకే రాయనిస్తారు. దొరికితే రిజల్టే రద్దు చేయొచ్చు. అయినా ప్రశ్నలు మనిషి మనిషికీ మారుతుంటే పాతవి బట్టీపట్టి ఏం లాభం?

అక్క: నువ్వు పాసయ్యావు కాబట్టి నీతులు చెప్పడం తేలిక. డబ్బు పోగొట్టుకున్నవాళ్ల ఆశ నీకు తెలీదు. ఫీజు 200 డాలర్లు, బయటి దేశంలో రాస్తున్నందుకు ఇంకో 150, పైన పన్ను. తప్పితే 45 రోజులు ఆగి మళ్లీ అంతా కట్టాలి. నా జీతంలో అదెంతో లెక్క వేశావా?

చెల్లెలు: వేశాను. అందుకే కోపం వస్తోంది. ఆ ఆశ మీదే వాళ్లు వ్యాపారం చేస్తున్నారు. ఆ డబ్బు ప్రాక్టీసు ప్రశ్నలు, వివరణలు ఉండే మంచి క్వశ్చన్ బ్యాంకుకి పెట్టండి, అంతే నేను చెప్పేది.

అక్క: అదీ పెట్టాను. వేల ప్రశ్నలు చేశాను. రోజుకి ఎన్ని అయ్యాయో గోడ మీద రాసుకున్నాను కూడా.

చెల్లెలు: ఒక్కో ప్రశ్న తర్వాత ఇచ్చే వివరణ చదివారా?

అక్క: తప్పినవాటికి చదివాను. రైటైనవాటికి దేనికి?

చెల్లెలు: మీకు ఎదురుదెబ్బ తగిలింది అక్కడే. రైటైన ప్రశ్నల్లో కొన్ని అదృష్టంతో రైటవుతాయి. మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు తప్పో మీ మాటల్లో చెప్పలేకపోతే ఆ ప్రశ్న మీకు రానట్టే. 2023 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతి వచ్చాక ఇది ఇంకా ముఖ్యం. ఒక పేషెంటు కథ ఇస్తారు. నర్సు నోట్స్, ల్యాబ్ రిపోర్టులు, బీపీ, నాడి లాంటి వైటల్స్ అన్నీ పెట్టి వరసగా ఆరు ప్రశ్నలు అడుగుతారు. వీటిలో ఏ గుర్తులు ముఖ్యం, అవి దేన్ని సూచిస్తున్నాయి, ఏది ముందు ప్రమాదం, ఏం చేయొచ్చు, ఏం చేస్తావు, చేసింది పనిచేసిందా? ఇలాంటివి మూడు కథలు తప్పకుండా వస్తాయి. ఒక్కసారి ఆలోచించండి, మీరు రౌండ్స్‌లో చేసేది ఇదే కదా! మీ ఐసీయూ బుర్ర నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. అన్ని సరైన జవాబులూ ఎంచుకోమనే ప్రశ్నల్లో కొన్నే రైటైనా ఇప్పుడు కొంత మార్కు ఇస్తున్నారు. అలాగని అనుమానమున్నవన్నీ టిక్ పెట్టుకుంటూ పోతే, తప్పు టిక్కు వచ్చిన మార్కునీ తీసేస్తుంది.

అక్క: నువ్వు చెప్పేది బాగానే ఉంది. కానీ నైట్ డ్యూటీ చేసి, వంట చేసి, పిల్లల్ని బడికి పంపి కూర్చుంటే నాకు మిగిలేది గంట. ఆ గంటలో నీ వివరణలన్నీ చదివితే ఎన్ని ప్రశ్నలవుతాయి? పెళ్లికాని పిల్లవి, నువ్వు రోజంతా చదివావు.

చెల్లెలు: ... దానికి నా దగ్గర జవాబు లేదక్కా. మీకున్న టైమ్ నాకున్నంత లేదు, నిజమే.

అక్క: మరి?

చెల్లెలు: గోడ మీద అంకెలు చెరిపేయండి. ఆ గంటలో పదిహేను ప్రశ్నలే చేయండి, ప్రతి ఆప్షన్‌తోనూ పోట్లాడండి. గుండె, ఊపిరితిత్తుల గురించి మీకు కొత్తగా చదవాల్సింది పెద్దగా లేదు, వాటిని పక్కన పెట్టేయండి. డెలిగేషన్, పేషెంటుతో మాట్లాడే తీరు, మెటర్నిటీ, పిల్లల వార్డు, సైకియాట్రీ, ఈ అయిదూ మీ ఐసీయూలో తగలనివి. టైమంతా వాటికే ఇవ్వండి. పరీక్ష తేదీని మాత్రం గ్రూపులో ఎవరో రాస్తున్నారని పెట్టుకోకండి.

అక్క: పరీక్ష అన్యాయంగా ఉందన్న మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను.

చెల్లెలు: తీసుకోమని అడగలేదు. డెలిగేషన్ విషయంలో మీరే కరెక్ట్.

అక్క: అయితే రేపు నైట్ ఆఫ్. నువ్వు షిఫ్టు దిగాక ఫోన్ చెయ్యి. ఎల్‌పీఎన్ ఏం చేస్తుందో, ఏం చేయదో మొదటి నుంచి చెప్పు. రాసుకుంటాను.