చచ్చేవాళ్లకే ర్యాంకులు

సమస్త జీవులకు ఒక ఉచిత సలహా. మనిషి కంట్లో పడాలనుంటే ముందుగా చేయాల్సిన పని చావడం. అందరూ ఒకేసారి కాదు, రూల్స్ ఉన్నాయి, పద్ధతిగా చావాలి.

ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ 1964 నుంచి, ఏ జీవికి అంతరించే ముప్పు ఎంతుందో చెప్పే రెడ్ లిస్ట్ అని ఒకటి నడుపుతోంది. మీరు పిల్లాపాపలతో చల్లగా ఉన్నారనుకోండి, 'పెద్దగా ఆందోళన అక్కర్లేనివి' అని రాసి ఓ మూల పడేస్తారు, ఇక మీ మొహం చూసేవాడుండడు. అదే పదేళ్లలో గానీ మూడు తరాల్లో గానీ (రెండింట్లో ఏది ఎక్కువ కాలమైతే అది) మీ సంఖ్య 30 శాతం పడిపోయిందా, 'ముప్పులో ఉన్నవి' అవుతారు. 50 శాతం పడితే 'ప్రమాదంలో', 80 పడితే 'తీవ్ర ప్రమాదంలో'. ఇంత ఓపిక లేనివాళ్లకు షార్ట్‌కట్ కూడా ఉంది, పిల్లల్ని కనే వయసున్నవాళ్లు 50 కంటే తక్కువ మిగిలితే చాలు, నేరుగా తీవ్ర ప్రమాదమే. సరిగ్గా 50 మంది ఉన్నారా? కుదరదు. మీలో ఒకరు త్యాగం చేయాలి.

పొరపాటున కోలుకోకండి. పాండా అలాగే కోలుకుని 2016లో 'ప్రమాదంలో' అనే ర్యాంకు పోగొట్టుకుంది. దానికైతే ముద్దొచ్చే మొహం ఉంది కాబట్టి సరిపోయింది, మీ సంగతి మీరు చూసుకోండి. అసలు ఏ టెన్షనూ వద్దనుకుంటే 'సమాచారం చాలదు' అనే గది ఉంది, అందులో మీరు ఉన్నారో పోయారో ఎవరూ తేల్చలేదు కాబట్టి హాయిగా ఉండొచ్చు. లేదా పోవచ్చు.

పోవడం కూడా అంత సులువేం కాదు. చివరి ప్రాణి చనిపోయిందనడంలో సహేతుకమైన సందేహం ఏదీ మిగలకూడదట. ఆస్ట్రేలియాలోని టాస్మానియా దీవిలో థైలసీన్ అని, ఒంటి మీద పులి చారలతో తోడేలులా ఉండే జంతువు ఉండేది. దాన్ని చంపినవాళ్లకు డబ్బులిచ్చిన ప్రభుత్వమే చివరికి 1936 జులైలో చట్టబద్ధంగా రక్షణ ఇచ్చింది, అది జరిగిన 59 రోజులకు హోబర్ట్ జూలో ఆఖరిది కన్నుమూసింది. అంతరించిందని రెడ్ లిస్ట్‌కెక్కింది మాత్రం 1982లో! చచ్చినవాడి కళ్లు చారెడు అన్నట్టు, అది కన్నుమూసిన సెప్టెంబరు 7నే ఇప్పుడు ఆస్ట్రేలియాలో ముప్పులో ఉన్న జీవుల దినంగా జరుపుకుంటున్నారు.

మరి మీ మనుషుల సంగతేంటి అని అడుగుతారేమో. పక్షపాతం లేదు, 2008లో మమ్మల్నీ లెక్కగట్టారు. ప్రపంచమంతా ఉన్నాం, పెరుగుతున్నాం, పెద్ద ముప్పులేవీ లేవు, కాబట్టి ఆందోళన అక్కర్లేదని తేల్చారు. పరీక్ష రాసింది మేమే, పేపరు దిద్దుకున్నదీ మేమే.