లైట్‌సేబర్ బొమ్మకు లోహం తొడగండి, పాత ఫ్లాష్‌లను మాత్రం కోయకండి

స్టార్ వార్స్ సినిమాల్లో ల్యూక్ పట్టే వెలుగు కత్తి, అదే లైట్‌సేబర్, పిడి కోసం పాత గ్రాఫ్లెక్స్ కెమెరా ఫ్లాష్‌లను కోసెయ్యడం ఇక ఆపండి. ఒకప్పుడు అమెరికా పత్రికా ఫొటోగ్రాఫర్లు స్పీడ్ గ్రాఫిక్ కెమెరా పక్కన తగిలించుకున్న పనిముట్లవి. ఒకటి కోస్తే ఒకటి తగ్గినట్టే. ఆ కెమెరాలను ఇప్పటికీ వాడేవాళ్లకు దక్కాల్సినవి అవి. మన చేతిలో ఉన్న ప్లాస్టిక్ బొమ్మకే సరైన చోట లోహం పెడితే ఆ బరువూ, ఆ చల్లదనమూ వచ్చేస్తాయి.

ముందు ఏ సినిమా పిడి కావాలో తేల్చుకోండి. 1977లో వచ్చిన మొదటి స్టార్ వార్స్ సినిమా కోసం సెట్ డెకరేటర్ రోజర్ క్రిస్టియన్ లండన్‌లో ఓ ఫొటో సామాన్ల కొట్టులో దొరికిన ఫ్లాష్ పిడికి టీ ఆకారపు నల్ల పట్టీలు అతికించారు, పిడి నడుమ చుట్టూ బిగించే క్లాంపులో, కాలిక్యులేటర్ అంకెల మీద ఉండే బుడగల్లాంటి కటకాల పట్టీ పెట్టారు. 1980 సినిమాకొచ్చేసరికి ఆ బుడగల చోట సర్క్యూట్ బోర్డు కనెక్టర్ ముక్క వచ్చింది. ఈ రెండింటినీ ఒకే పిడిలో కలిపేస్తే ఎంత ఖర్చు పెట్టినా అది ఏ సినిమాదీ కాదు.

నా మటుకు లోహం కావాల్సింది క్లాంపు, పైన తల భాగం, బటన్, బెల్టుకు తగిలించే డి ఆకారపు రింగున్న అడుగు మూత, వీటిని కలుపుతూ ఒక పల్చటి గొట్టం. అంతే. నల్ల పట్టీలు, లోపలి బ్యాటరీ పెట్టె ప్లాస్టిక్‌గానే ఉండనివ్వండి. క్లాంపు, తల భాగాలకు కొత్తగా చేసిన కాపీలు దొరుకుతాయి. గొట్టం ఆటోనగర్‌లో ఏ లేత్ షాపువాళ్లైనా చేసిపెడతారు, కొలత మీరు సరిగ్గా ఇస్తే.

అందరూ తప్పేది ఆ కొలత దగ్గరే. బొమ్మ పిడి రెండు చీలికలుగా అచ్చుపోసి మరలతో బిగించినదైతే అది నిజంగా గుండ్రంగా ఉండదు. వెర్నియర్ కాలిపర్‌తో అతుకు మీదుగా ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి, పొడవునా కనీసం మూడు చోట్ల కొలవండి. అన్నిటికంటే పెద్ద కొలతకు 0.4 మి.మీ. కలిపితే గొట్టం లోపలి వ్యాసం వస్తుంది. బిర్రుగా ఉంటేనే గట్టిగా ఉంటుందనుకుని సరిసమానంగా చేయిస్తే సగం దూరి ఇరుక్కుంటుంది, సుత్తి తీస్తే ప్లాస్టిక్ పగులుతుంది.

గొట్టానికి అల్యూమినియమే వాడండి. 38 మి.మీ. బయటి వ్యాసం, 1.5 మి.మీ. మందం, 260 మి.మీ. పొడవు ఉన్న గొట్టం అల్యూమినియంలో సుమారు 120 గ్రాములు, ఇత్తడిలో 380. అసలు ఫ్లాష్ క్రోమ్ పూత పూసిన ఇత్తడిదే, నిజమే. కానీ బొమ్మ లోపల మరలు దిగే బొడిపెలు ఆ బరువు కోసం చేసినవి కావు, రెండుసార్లు కింద పడితే మొదట చీలేవి అవే. అందుకే వాటిలో ఎం3 ఇత్తడి ఇన్‌సర్టులు, అంటే 3 మి.మీ. మర పట్టే చిన్న ఇత్తడి గొట్టాలు, వేడి చేసి దింపండి. బొమ్మ ఏబీఎస్ రకం ప్లాస్టిక్‌దైతే సోల్డరింగ్ ఐరన్ 220 నుంచి 240 డిగ్రీల మధ్య చాలు. తొయ్యకుండా, ఐరన్ బరువుకే దిగనివ్వండి. బొడిపె బయటి వ్యాసం 8 మి.మీ. కూడా లేకపోతే ఇన్‌సర్టు జోలికి పోకుండా ఆరపార బోల్టు, నట్టు వేసుకోవడం మేలు.

ఇక జిగురు. సూపర్ గ్లూ ఆవిరి పక్కనున్న నిగనిగలాడే భాగాల మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది, కాబట్టి వద్దు. 24 గంటలు ఆరే రెండు ట్యూబుల ఎపాక్సీ తెచ్చుకోండి. అతికే చోట రెండు వైపులా 220 నంబరు ఎమరీ పేపరుతో గరుకు చేసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. థిన్నరూ అసిటోనూ ఏబీఎస్‌ను కరిగించేస్తాయి. ఎపాక్సీ మాత్రం గొట్టం ఒక్క చివరే పెట్టండి, రెండో చివర జారేలా వదిలెయ్యండి. 30 డిగ్రీల వేడి పెరిగితే 250 మి.మీ. పొడవులో ప్లాస్టిక్, అల్యూమినియం కంటే దాదాపు అర మి.మీ. ఎక్కువ సాగుతుంది. మన ఎండాకాలంలో మూసి ఉన్న కారులో వదిలితే ఆ 30 డిగ్రీలు తేలిగ్గా పెరుగుతాయి. పొడవునా అతికించిన పిడి ఒక్క వేసవికే టపటపా ఊడొస్తుంది.

డ్రిల్లు పట్టుకునే ముందే సర్క్యూటూ స్పీకరూ బయటికి తీసెయ్యండి. లోహపు రజను స్పీకర్‌లో చేరిందంటే వదలదు, శబ్దం గరగరలాడుతుంది. గొట్టం తొడిగాక స్పీకర్ నోరు మూసుకుపోతుంది గనక దాని ఎదురుగా 2 మి.మీ. రంధ్రాలు పదిదాకా వేయాలి. లోపలి అంచుల పదును అరగదీయకపోతే తీగల తొడుగు కోసుకుపోయి షార్ట్ అవుతుంది. బ్యాటరీ కాంటాక్టుల చుట్టూ వేడికీ కరెంటుకీ తట్టుకునే క్యాప్టన్ టేపు రెండు చుట్లు తప్పనిసరి.

పాలిష్‌కు ఎమరీ పేపరు 400 నంబరు నుంచి మొదలుపెట్టి 600, 800, 1000, 1500 వరకు. ఒక్క మెట్టు దాటేసినా పాత గీతలు వెలుతురులో కనబడతాయి. చెయ్యి తగిలే ఇత్తడి భాగాలకు లాకర్, అంటే పారదర్శకమైన వార్నిష్, పూయండి, చెమటకు చిలుము పట్టకుండా.

అడుగు మూత ప్లాస్టిక్‌దే ఉంచి డి రింగు ఒక్కటే లోహంది వేసేవాళ్లున్నారు. బెల్టుకు వేలాడితే మొత్తం బరువు ఆ ఒక్క రివెట్టు మీదే పడుతుంది. అలాగే ఉంచాలంటే లోపలి వైపు 20 మి.మీ. వాషర్ వెయ్యండి. ఇంత చేశాక ఆ పిడి పిల్లల చేతికివ్వడం మానుకోండి. దెబ్బ తగిలితే నుదురు చిట్లుతుంది.