మకావ్: కానుకలు సరే, కథ ఏది?

1999 డిసెంబర్ 19 అర్ధరాత్రి, చైనా దక్షిణ తీరంలోని మకావ్‌లో పోర్చుగల్ జెండా దించి చైనా జెండా ఎగరేసిన చోట ఇప్పుడో మ్యూజియం ఉంది. 2004లో తెరిచారు. అప్పగింత సందర్భంగా చైనా ప్రావిన్సులు, హాంకాంగ్ పంపిన కానుకలే అందులో ప్రదర్శన. ఎవరి ప్రాంతం పనితనం వారిది. గృహప్రవేశానికి చుట్టాలు తెచ్చినవన్నీ హాల్లో సర్దినట్టు ఉంటుంది.

కానుకలు ఇచ్చినవాళ్ల గొప్ప చెబుతాయి. పుచ్చుకున్న ఊరు ఏం పడిందో చెప్పవు. నా అభ్యంతరం అక్కడే. మకావ్ చేతులు మారింది ఆ ఒక్క రాత్రిలో కాదు.

1966లో మకావ్‌లోని తైపా దీవిలో ఒక బడి కట్టుకోవడానికి అనుమతి దగ్గర మొదలైన గొడవ డిసెంబర్ 3న నగరమంతా పాకింది. జనం సెనాడో స్క్వేర్‌లో పోర్చుగీసు సైనికాధికారి కల్నల్ మెస్కీటా విగ్రహాన్ని తాళ్లు కట్టి లాగి పడేశారు. ఆ అల్లర్లలో 8 మంది చనిపోయారు. రెండు నెలలు తిరక్కుండానే, 1967 జనవరి 29న, గవర్నర్ నోబ్రె ది కార్వాల్యో స్వయంగా చైనీస్ వర్తక సంఘం భవనానికి వెళ్లి, మావో ఫొటో కింద కూర్చుని క్షమాపణ పత్రం మీద సంతకం పెట్టాడు. ఇక ఆ తర్వాత కుర్చీ పోర్చుగల్‌ది, మాట బీజింగ్‌ది.

1974లో లిస్బన్‌లో నియంతృత్వం కూలాక కొత్త ప్రభుత్వం మకావ్‌నీ వదులుకోవడానికి సిద్ధపడింది. తొందరపడనిది చైనాయే! అప్పటికి బ్రిటన్ చేతిలో ఉన్న హాంకాంగ్‌లో లేనిపోని టెన్షన్ ఎందుకని కావచ్చు. చివరికి 1987 ఒప్పందంతో తేదీ ఖాయమైంది. 1849లో హత్యకు గురైన గవర్నర్ అమరాల్ విగ్రహాన్ని మాత్రం అప్పగింతకు ముందే, 1992లో, ఊడదీసి లిస్బన్‌కు పంపేశారు.

గోవాలో ఇలా జరగలేదు. పోర్చుగల్ నియంత సలాజార్ ససేమిరా అనడంతో 1961 డిసెంబర్‌లో మన సైన్యం వెళ్లాల్సి వచ్చింది. అయినా గోవాను గెలిచిన పోర్చుగీసు గవర్నర్ ఆల్బుకర్క్ కంచు విగ్రహం, వైస్రాయిల వర్ణచిత్రాలు పాత గోవాలోని పురావస్తు శాఖ మ్యూజియంలో పెట్టారు. ఏలినవాళ్ల ముఖాలు చూస్తే ఏలుబడి ఎలాంటిదో పిల్లలు అడుగుతారు, పెద్దలు చెప్పాల్సి వస్తుంది.

మకావ్‌కూ అలాంటి గది ఒకటి కావాలి. మెరిసే కానుకల పక్కనే 1967 నాటి ఆ క్షమాపణ పత్రం నకలు, చనిపోయిన 8 మంది పేర్లు పెడితే చాలు. దాన్ని ఏ ప్రావిన్సూ పంపనక్కర్లేదు.