‘సైడ్ ఎఫెక్ట్స్ లేవు’ అన్న హామీ వెనుక

అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా, మలక్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా హైదరాబాద్‌లో ఏ దారిన వెళ్లినా హోమియో క్లినిక్కుల బోర్డులు కనిపిస్తాయి. థైరాయిడ్, సోరియాసిస్, కీళ్లవాతం, సంతానలేమి, ఇలా బోర్డు మీద ఏ జబ్బు పేరున్నా దాని కింద ‘సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు’ అన్న హామీ తరచూ ఉంటుంది. జబ్బు నయమవుతుందన్న మాటకంటే ఈ మాటే ఎక్కువ మందిని ఆ మెట్లెక్కిస్తోందని నా అభిప్రాయం. దానికి అంత బలం ఇచ్చింది ఇంగ్లీషు మందుల పట్ల జనంలో ఏళ్లుగా పేరుకున్న భయం.

ఆ భయాన్ని మూఢత్వమని కొట్టిపారేయడం అన్యాయం. నొప్పి మాత్రలు విచ్చలవిడిగా వాడితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. స్టెరాయిడ్లు దీర్ఘకాలం వాడితే షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వేసుకునేవారిలో కొందరికి విటమిన్ బి12 తగ్గి అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఇవన్నీ వైద్యులకు తెలిసినవే, చాలావరకు ముందుగా కనిపెట్టి సరిదిద్దగలిగినవే. అయితే ఐదు నిమిషాల్లో ఐదు మందులు రాసి పంపే చోట ఈ సంగతి రోగికి చెప్పేదెవరు? మెడికల్ షాపులో స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించి ఆరు మాత్రలు చేతిలో పెడితే, గడువు తేదీ ఉన్న ముక్క చాలాసార్లు షాపు డబ్బాలోనే మిగిలిపోతుంది; జాగ్రత్తలు అచ్చువేసిన కాగితం సంగతి సరేసరి. చెప్పవలసినవారు చెప్పకపోవడం వల్లనే, సైడ్ ఎఫెక్టుల గురించి రోగి మొట్టమొదట వినేది అవి తమ దగ్గర లేవని చెప్పేవారి నోటి నుంచి అవుతోంది.

ఇక ఆ హామీలోని నిజానిజాలు చూద్దాం. 1796లో జర్మన్ వైద్యుడు శామ్యూల్ హానిమన్ ప్రతిపాదించిన ఈ పద్ధతిలో మూలపదార్థాన్ని పదేపదే పలుచన చేస్తారు. సీసా మీద 30సి అని ఉంటే నూరో వంతుకు పలుచన చేయడం ముప్పై సార్లు జరిగిందని అర్థం. పన్నెండో విడత దాటేసరికే మూలపదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదని నిర్ణీత పరిమాణం పదార్థంలో ఎన్ని అణువులుంటాయో చెప్పే అవొగాడ్రో సంఖ్య తెలిసిన ఇంటర్ విద్యార్థి కూడా లెక్కగట్టగలడు. కాబట్టి అంతగా పలుచన చేసిన గోళీకి సైడ్ ఎఫెక్ట్ లేదన్నది చాలావరకు నిజమే, కానీ దానికి ఎఫెక్ట్ కూడా లేకపోవడానికి కారణం అదే. ఏ జబ్బుకైనా హోమియోపతి పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి 2015లో తేల్చింది; ఫ్రాన్స్ 2021 నుంచి ఈ మందుల ఖర్చు తిరిగి చెల్లించడం మానేసింది. గోళీలు వాడాక తేలికపడ్డామని చెప్పేవారు అబద్ధమాడుతున్నారని నేను అనను. ఓపికగా గంటసేపు వినే వైద్యుడు, పథ్యం, దానంతట అది తగ్గే జబ్బు స్వభావం, ఇవన్నీ కలిసి ఇచ్చే ఊరట నిజమైనదే. ఆ ఊరటలో గోళీ వాటా ఎంతన్నదే ప్రశ్న.

పైగా హోమియో పేరుతో అమ్మే ప్రతి సీసా అంత పలుచనైనది కాదు. పలుచన చేయకముందు ఉండే మూల ద్రావణాలైన మదర్ టింక్చర్లలో మొక్కల సారం, ఆల్కహాల్ గణనీయంగానే ఉంటాయి. అమెరికాలో పసిపిల్లలకు పళ్లొచ్చేటప్పుడు ఇచ్చే హోమియో మాత్రలను ఆ దేశ ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షించినప్పుడు కొన్నింటిలో బెల్లడోనా అనే విషపు మొక్క సారం లేబుల్ మీద ఉన్నదానికంటే చాలా ఎక్కువగా ఉందని 2017లో వెల్లడైంది. అంతకుముందు 2009లో, జలుబుకు హోమియో మందుగా అమ్ముడైన ఒక జింక్ జెల్‌ను ముక్కులో వాడినవారు వాసన కోల్పోతున్నారన్న ఫిర్యాదులపై అదే సంస్థ హెచ్చరిక జారీ చేసింది. మన దగ్గర లేబుల్ లేకుండా పొట్లాల్లో కట్టి ఇచ్చే పొడులు మరింత ప్రమాదకరం. నాలుగు రోజుల్లో కీళ్లనొప్పులు మాయమై, నాలుగు నెలలకు ముఖం ఉబ్బి, షుగర్ పెరిగిందంటే అందులో స్టెరాయిడ్ కలిసిందేమోనని అనుమానించాలి.

మందు మొదలుపెట్టాక జబ్బు ముదిరితే, అది మందు పనిచేస్తోందనడానికి గుర్తని, ఓపిక పట్టమని చెప్పడం హోమియోలో ఉన్న ఆనవాయితీ. జబ్బు పెరగడాన్నే శుభసూచనగా చూస్తే చెడు ఫలితం ఏ పుస్తకంలోనూ నమోదు కాదు. ఇంతకంటే పెద్ద నష్టం మరొకటుంది. ‘ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయి, మానేయండి’ అన్న ఒక్క మాట. దీర్ఘకాలం వాడుతున్న స్టెరాయిడ్ హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మూర్ఛ మాత్రలు ఆపితే ఫిట్స్ ఆగకుండా రావచ్చు. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలకు ఇన్సులిన్ ఆపితే గడువు కొద్ది రోజులే. ఈ నష్టం గోళీ ఖాతాలో పడదు, జబ్బు ఖాతాలో పడుతుంది.

‘సహజం’ అన్న మాట చాటున సప్లిమెంట్లకూ ఇదే మినహాయింపు దొరుకుతోంది. కోవిడ్ కాలంలో రోగనిరోధక శక్తి కోసం తిప్పతీగ కషాయాలు, మాత్రలు వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న ఉదంతాలను మన దేశ వైద్యులే ప్రచురించారు. వారానికొకటి చొప్పున కొన్ని వారాలకు రాసే 60,000 యూనిట్ల విటమిన్ డి పొడిని రోజూ పాలల్లో కలుపుకొని తాగితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, కిడ్నీ దెబ్బ దాకా వెళ్లవచ్చు. థైరాయిడ్ మాత్రతో పాటే కాల్షియం గానీ ఐరన్ గానీ మింగితే థైరాయిడ్ మందు సరిగా ఒంటపట్టదు. రెంటికీ నాలుగు గంటల ఎడం కావాలి. జుట్టు కోసం వాడే బయోటిన్ మోతాదు మించితే థైరాయిడ్ రిపోర్టులే కాక, గుండెపోటు నిర్ధారణకు చేసే ట్రోపోనిన్ పరీక్ష కూడా తప్పుగా రావచ్చు. జిమ్ముల్లో అంటగట్టే ప్రోటీన్ డబ్బాల విషయంలో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాల్లోనే వద్దని చెప్పింది. ఆ మాట ఊరు దాటి వెళ్లిందేమో గానీ మన జిమ్ముల దాకా రాలేదు.

మధుమేహం, క్యాన్సర్, మూర్ఛ వంటి జబ్బులు నయం చేస్తామని మందులకు ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. ఇక సైడ్ ఎఫెక్టుల నమోదుకు 2010 నుంచి జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది. మందు వికటిస్తే 1800-180-3024కు రోగే స్వయంగా ఫోన్ చేయవచ్చు. ఆయుష్ మందులకు ఇలాంటి వ్యవస్థ వేరుగా ఉంది. నగరంలోని ప్రతి మెడికల్ షాపు, అల్లోపతి గానీ హోమియో గానీ ప్రతి క్లినిక్కు ఈ నంబరును తెలుగులోనూ ఉర్దూలోనూ కౌంటర్ ముందు అతికించాలని ఔషధ నియంత్రణ విభాగం ఆదేశించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. డాక్టర్లు కూడా చీటీ రాసేటప్పుడు, ‘హోమియో, ఆయుర్వేదం, పొడులు, విటమిన్లు ఇంకేమైనా వాడుతున్నారా?’ అని అడగాలి. కసురుకుంటారన్న భయంతో రోగి దాచిపెట్టకుండా చెప్పేలా అడగాలి.