గుండు, నామం, శఠగోపం

గుళ్ళు వ్యాపారమైపోయాయని వాపోయేవాళ్ళంటే నాకు మొదటినుంచీ పడదు. ఇందులో కొత్తేముంది? మోసపోయామని చెప్పడానికి మన భాషలో ఉన్న మాటలు ఎక్కడినుంచి వచ్చాయో ఒకసారి చూడండి. గుండు కొట్టారు, నామం పెట్టారు, శఠగోపం పెట్టారు. చేతిలో డబ్బు హారతి కర్పూరమైంది, మొత్తం గోవిందా. ఒక్కటైనా షేర్ మార్కెట్ నుంచి వచ్చిందా? తాతలు ఇంత స్పష్టంగా హెచ్చరించి పోయాక కూడా వెళ్ళి, తిరిగొచ్చి గొణగడం మర్యాద కాదు.

మొన్న సెలవుల్లో మేమూ వెళ్ళాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, నాన్న, అత్తయ్యగారు, బావమరిది. గుడి పేరు చెప్పను, చెప్పకపోయినా మీకు మీరు వెళ్ళిన గుడే గుర్తొస్తుంది. మా ఊరి రామాలయం దాటుకునే వెళ్ళాం లెండి, అక్కడ అయ్యగారు పళ్ళెంలో పది రూపాయల నోటు పడితే ఆ రోజు పండగ చేసుకుంటారు, కానీ క్యూ లేని గుళ్ళో దేవుడికి పవర్ ఏముంటుంది? దారి పొడుగునా బావమరిది ఒకటే మాట. "బావా, నువ్వేం టెన్షన్ పడకు, లోపల నాకు ఒకాయన తెలుసు." సరిగ్గా గోపురం కనిపించగానే ఆ ఒకాయన ఫోన్ స్విచ్ ఆఫ్. చాలా అనుభవమున్న ఫోన్.

లోపలికి పోగానే రేట్ల బోర్డు. ధర్మదర్శనం, శీఘ్రదర్శనం, అతి శీఘ్రదర్శనం. కింద అర్చన, అభిషేకం, వేదాశీర్వచనం, వాహనపూజ, శనిదోష నివారణ. అత్తయ్యగారు దాన్ని హోటల్లో మెనూ చదివినట్టు పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి చదివి, శనిదోషం దగ్గర ఆగి నావైపు చూశారు. ఐదొందలని ఉంది. నేను వాహనపూజ వైపు చూశాను.

దేవుడికి రేటు కట్టడమేంటని అడిగేవాళ్ళకి పురాణ జ్ఞానం తక్కువని నా అభిప్రాయం. వడ్డికాసులవాడని ముద్దుగా పిలుచుకున్నది మనమే. పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేసి, కలియుగం చివరిదాకా వడ్డీ కడుతున్న స్వామి ఆయన, అప్పున్న ఇంట్లో నాలుగు రాబడి మార్గాలు చూసుకోవడం తప్పా? తిరుమలలో ప్రత్యేక ప్రవేశ దర్శనం 300. శ్రీవాణి ట్రస్టుకి 10,000 ఇచ్చి, ఆపైన 500 టికెట్ కొంటే బ్రేక్ దర్శనం. ఆ పదివేలు విరాళం, ధర కాదు, తేడా తెలియనివాళ్ళు క్యూలో నిలబడతారు. పొద్దున్నుంచి రాత్రిదాకా జరిగే సేవలన్నీ చూసే ఉదయాస్తమాన సేవకి కోటి అని కొన్నేళ్ళ కింద ప్రకటించారు, శుక్రవారమైతే అభిషేకం ఉంటుంది కాబట్టి కోటిన్నర. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, అదే కొండ మీద సర్వదర్శనం ఉచితం, 1985 నుంచి నిత్యాన్నదానం ఉచితం, గుండు కూడా ఉచితమే. తీసిన జుట్టుని తర్వాత వేలం వేస్తారు, అది వేరే సంగతి. బయట ఎంతమంది మనకి గుండు కొట్టలేదు, ఎవరైనా ఉచితంగా కొట్టారా?

మా కథకొద్దాం. ఆరుగురికి అతి శీఘ్రం, మనిషికి ఐదొందల లెక్కన మూడు వేలు. నాన్న మాత్రం, దేవుడికి నా మొహం చూపించడానికి డబ్బెందుకురా అని ధర్మదర్శనం లైన్లోకి వెళ్ళిపోయారు. పెద్దాయన, మోకాళ్ళ నొప్పులు, ఎప్పటికి వస్తారో అని జాలిపడ్డాం. ఆ జాలి మాకు తర్వాత పనికొచ్చింది. ఎందుకంటే ఆరోజు వచ్చినవాళ్ళంతా మాలాంటి తెలివైనవాళ్ళే, అందరూ అతి శీఘ్రమే కొన్నారు, ఆ క్యూ గుడి చుట్టూ ఒకటిన్నర ప్రదక్షిణ చేసి ఆగింది. మూడు గంటల తర్వాత గర్భగుడి ముందుకి చేరాం. ఎవరో భుజం మీద చెయ్యేసి జరగండి జరగండి అన్నారు. దొరికింది మూడు సెకన్లు. మూడు వేలకి మూడు సెకన్లు, సెకనుకి వెయ్యి, అందులో మొదటి సెకను నేను అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుని దండం పెట్టాను. వెయ్యి రూపాయలు పెట్టి కళ్ళు మూసుకున్నవాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే.

బయటికొస్తే నాన్న మంటపంలో కూర్చుని పులిహోర తింటున్నారు. "ఏరా, శీఘ్రం అయిందా?" అన్నారు.

భద్రాచల రామదాసు కథలో అందరూ భక్తి చూస్తారు, నేను రసీదు చూస్తాను. రామలక్ష్మణులంతటివాళ్ళు వచ్చి, తానీషాకి ఆరు లక్షల మొహరీలు కట్టి, రసీదు రాయించుకుని మరీ వెళ్ళారని కథ. ఆ స్ఫూర్తితోనే హారతి పళ్ళెంలో వేసిన వందకి రసీదు అడిగాను. పూజారిగారు నన్ను తానీషాని చూసినట్టు చూశారు. పక్కనే క్యూఆర్ కోడ్ అంటించి ఉంది, దానికైతే మెసేజ్ వస్తుందట.

తిరుగు ప్రయాణంలో మా ఆవిడ, ఈసారి చిలుకూరు వెళ్దాం, అక్కడ హుండీ లేదు, టికెట్లు లేవు, వీఐపీలు లేరు, పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకుని, పనయ్యాక నూట ఎనిమిది చేస్తే చాలంది. బావమరిది ఒప్పుకోలేదు. హుండీ లేని దేవుణ్ణి నమ్మేదెలా అన్నాడు. వాడిది నిజాయితీ గల సందేహం. మూడు వేలు కడితే, పని కాకపోయినా కనీసం ఖర్చు పెట్టామన్న తృప్తి ఉంటుంది, నూట ఎనిమిది ప్రదక్షిణలంటే మనమే తిరగాలి. కాళ్ళకి టికెట్ పెడితే మేమందరం కొంటాం.

కాళ్ళంటే గుర్తొచ్చింది. చెప్పుల స్టాండు దగ్గర 'ఉచితం' అని పెద్ద బోర్డు, దాని కింద చాచిన చెయ్యి. పది రూపాయలిచ్చాను. అందరి చెప్పులూ ఉన్నాయి, నావి లేవు.

అత్తయ్యగారి మొహం ఆరోజుకి మొదటిసారి వెలిగింది. "గుళ్ళో చెప్పులు పోతే శని పోయినట్టే అల్లుడుగారూ, ఐదొందల పూజ ఊరికే అయిపోయింది" అన్నారు. చెప్పుల ఖరీదు పన్నెండొందలని ఆవిడకి చెప్పలేదు.