గోదారి వెటకారం గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ వెటకారం గారికి, ఉభయకుశలోపరి.

తమరు క్షేమమేనని తెలుసు. కోనసీమలో తమరికేం లోటు? క్షేమం లేనిది నాకూ, నిన్న మిల్లు గేటు ముందు పొద్దున్న పదింటి నుంచి సాయంత్రం ఆరింటిదాకా నాతోపాటు పడిగాపులు కాసిన నూట నలభై బస్తాలకూను.

మూడు రోజులు కళ్లంలో బరకాల మీద ఆరబోశాం. మబ్బేస్తే కప్పాం, ఎండొస్తే తీశాం. కొనుగోలు కేంద్రంలో తేమ చూస్తే సరిగ్గా 17 శాతం, వాళ్లు ఒప్పుకునే హద్దు. హమ్మయ్య అనుకున్నా. అదే ధాన్యం లారీ ఎక్కి ఆరు కిలోమీటర్లు వెళ్లి మిల్లులో దిగేసరికి 19 అయింది. దారిలో ఏ కాలవలో స్నానం చేసిందో నాకైతే తెలీదు. బస్తాకు రెండు కిలోలు తరుగు అన్నారు.

మిల్లు మీద నాకు కొత్తగా కోపం ఏమీ లేదు. మిల్లు ఎప్పుడూ మిల్లే. ఉత్తరం తమరికి ఎందుకు రాస్తున్నానంటే, అక్కడ తేమ మిషను పట్టుకుని కూర్చున్నది తమరు తయారు చేసిన మనిషి. మన రిలీఫ్.

గుర్తొచ్చాడా? 1996 నవంబరు 6 తుఫాను వెళ్లిపోయాక, సముద్రం పక్క ఊరి నుంచి వాళ్లమ్మతో మేనమామ ఇంటికొచ్చి, మా ఆరో తరగతిలో చేరాడు. తండ్రి లేడు, ఇల్లు లేదు. తుఫాను రిలీఫ్ పంపిణీలో ఇచ్చిన చొక్కా వేసుకొచ్చాడు. దాని చేతులు రెండు మడతలు పెట్టినా వేళ్లు కనపడేవి కావు. తుఫాను మా ఊళ్లో కొబ్బరిచెట్లని వరసగా పడుకోబెట్టి వెళ్లింది, పెద్దవాళ్లకి నవ్వే ఓపిక లేదు. ఆ లోటు తమరు పిల్లల ద్వారా తీర్చుకున్నారు. మూడో రోజుకల్లా వాడి పేరు రిలీఫ్.

అసలు పేరు నాకిప్పుడు గుర్తు లేదు. నిన్న మిల్లులో ఇచ్చిన ధాన్యం లెక్క కాగితం, అదే ట్రక్ షీటు, దాని కింద సంతకం చూశాను గానీ, అదీ అర్థమయ్యేలా లేదు.

లెక్కల మాస్టారు హాజరు పిలుస్తూ ఒకరోజు ‘రిలీఫ్ వచ్చిందా?’ అన్నారు. క్లాసంతా ఘొల్లుమంది. మాస్టారు మళ్లీ మళ్లీ అన్నారు, జోకు పండింది కదా. బియ్యం కొట్లో వాళ్లమ్మ అప్పడిగితే ‘ఏమ్మా, ఈ నెల రిలీఫ్ ఇంకా రాలేదా?’ మధ్యాహ్నం గంట కొట్టాక మేం గుంపుగా కూర్చుని తింటుంటే, వాడు క్యారేజీ తీసుకుని లాకుల దగ్గరికి పోయేవాడు. రెండేళ్లు అక్కడే తిన్నాడు. ఒక్కసారీ ఏడవలేదు. ఏడవలేదు కాబట్టి వాడికేం పట్టలేదనుకున్నాం. ఎంత తెలివో మాది.

సినిమాలో అయితే సరిగ్గా ఇక్కడ ఒకడు గోడ మీంచి దూకి, వాడి భుజం మీద చెయ్యేసి, ‘వీడు నా ఫ్రెండురా’ అంటాడు. మా బడికి గోడ ఉంది. ఎవడూ దూకలేదు. అందరం నవ్వే పనిలో ఉన్నాం.

కర్ణుడికైనా సమయానికి దుర్యోధనుడు దొరికాడు. మా వాడికి పదిహేనేళ్లు ఆలస్యంగా మిల్లు షావుకారు దొరికాడు. అంగరాజ్యం ఇవ్వలేదు గానీ, కాటా అప్పగించాడు.

తమరి మిగతా లీలలు ఇప్పుడు ఎత్తను. మా బావగారికి పెళ్లిలో వడ్డించిన దూది గారె వదిలేస్తున్నా. హైదరాబాదు చుట్టాలకి సముద్రపు విలస చేపని గోదారి పులస అని చెప్పి అంటగట్టడం, అది వాళ్ల ఖర్మ. 1852కి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి మా తాతల గిన్నెల్లోకి అన్నం పంపాడు. అన్నం తిన్నాక అరుగెక్కి కూర్చునే తీరికా వచ్చింది. తమరు ఆ అరుగు మీదే పుట్టి ఉంటారని నా అనుమానం. నీళ్లిచ్చిన దొరకి ఊరూరా విగ్రహాలు పెట్టాం. తమరికి విగ్రహం ఎందుకులెండి, ప్రతి నోట్లోనూ ఉన్నారు.

అసలు విషయానికొస్తాను. నా బస్తాల్లో కోత కోశాడు, సరే, పాత బాకీ అనుకుందును. నా ముందు ఒక కౌలు రైతు ఉన్నాడు. పైఊరి మనిషి, నలభై రెండు బస్తాలు. రిలీఫ్ అన్న మాటే వినలేదు ఆయన. చేతులు కట్టుకుని నిలబడి, ‘మూడు కిలోలంటే చచ్చిపోతానండీ, కౌలు ఇంకా కట్టాలి’ అన్నాడు. మా వాడు మిషను మీంచి తల ఎత్తకుండానే, ‘ఏవండీ, మీ ఊళ్లో ఎండ సప్లయి లేదాండీ?’ అన్నాడు.

లైను లైనంతా నవ్వింది.

చిన్నప్పుడు పాలని చెప్పి పిండినీళ్లు తాగించి నవ్వితే, అశ్వత్థామ పెద్దయ్యాక ఎవర్ని చంపాడు? నవ్వినవాళ్లనా? యుద్ధం ముగిసిన రాత్రి నిద్రపోతున్న ఉపపాండవుల్ని. ఆ పిండినీళ్లనాటికి వాళ్లు పుట్టనే లేదు. సిగ్గుందా వెటకారమా నీకు? చొక్కా పొడుగైతే కుట్టించి ఇవ్వాల్సిందిపోయి పేరు పెట్టించావు. ఇప్పుడు వాడి నోట్లో కూర్చుని, ఏ పాపం ఎరగనివాడి బస్తాలు కోస్తున్నావు. వాడూ తక్కువవాడు కాదు. పడ్డవాడు కదా, ఎదుటివాడి కడుపు తెలుస్తుందనుకున్నాను. తెలిసే కోస్తున్నాడు. అది వాడి తప్పు, నీ లెక్కలో వెయ్యను.

చివరికి నా వంతు వచ్చింది. ట్రక్ షీటు చేతికిచ్చి, మొదటిసారి నా మొహంలోకి చూశాడు. వినయంగా లేచి నిలబడ్డాడు కూడా.

‘తమరు పెట్టిన పేరే కదండీ, ఆయ్. ఈ 280 కిలోలూ రిలీఫ్ కింద రాసేసుకోండి.’

ఇరవై తొమ్మిదేళ్లు నూరిన మాట. చెప్పొద్దూ, పేలింది. నా వెనకాల ట్రాక్టరు డ్రైవరు కడుపు పట్టుకుని కూర్చున్నాడు. నాక్కూడా నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. వాడు మాత్రం నవ్వలేదు.

లెక్క ఇదీ. 2025-26 క్వింటా మద్దతు ధర 2369 రూపాయల చొప్పున 280 కిలోలకి 6633 రూపాయలు. ఇది నాకు పడాల్సిందే, నిన్ను అడగను. కౌలు రైతుకి పోయిన 126 కిలోల తాలూకు 2985 రూపాయల్లో సగం నీ వాటా. నా సగం రేపు పట్టుకెళ్దామంటే ఆయనది ఏ ఊరో తెలీదు. నిన్న అడగలేదు, నవ్వుతూ ఉన్నాను.

ఇట్లు,
తమరి పాత శిష్యుడు