బెర్లిన్ ఫౌండేషన్‌తో నెల్లూరుకు ఏం పని?

సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతోందంటే చాలామందికి దాని వెనక ఖర్చే లేదనిపిస్తుంది. కోడ్ అందరిదీ కావచ్చు. కానీ దాని పేరు ఎవరి చేతిలో ఉంది? సర్వర్ బిల్లులు ఎవరు కడుతున్నారు? రేపు ఒక పెద్ద కంపెనీ వచ్చి 'ఇది మాది' అంటే అడ్డం నిలబడేది ఎవరు? ఓపెన్ సోర్స్, అంటే కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్ గురించి మన దగ్గర జరిగే చర్చల్లో ఈ ప్రశ్నలు పెద్దగా వినపడవు. నా దృష్టిలో అసలు సంగతి ఇక్కడే ఉంది.

ఉత్తరాలు, లెక్కల పట్టికలు తయారుచేసుకునే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ సంగతే చూడండి. 2010 జనవరిలో ఒరాకిల్ కంపెనీ సన్ మైక్రోసిస్టమ్స్‌ను కొనేసింది. సన్ ఆధ్వర్యంలో నడుస్తున్న ఓపెన్‌ఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ కూడా దాంతోపాటే చేతులు మారింది. ఏళ్ల తరబడి దాని మీద పనిచేసిన వాళ్లకు కొత్త యజమాని మీద నమ్మకం కుదరలేదు. అదే ఏడాది సెప్టెంబరు 28న వాళ్లు బయటికొచ్చి ద డాక్యుమెంట్ ఫౌండేషన్‌ను ప్రకటించారు. కోడ్ పట్టుకెళ్లడానికి లైసెన్సు అడ్డు రాలేదు గానీ పేరు మాత్రం ఒరాకిల్ దగ్గరే ఉండిపోయింది. ఏళ్లు పోసి పెంచిన పేరును వదులుకుని లిబ్రేఆఫీస్ అనే కొత్త పేరుతో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఆ దెబ్బ తిన్నారు కాబట్టే రెండోసారి జాగ్రత్తపడ్డారు. జర్మనీ చట్టం ప్రకారం ఫౌండేషన్ పెట్టాలంటే మూలధనం చూపించాలి. 2011 ఫిబ్రవరిలో 50,000 యూరోలు కావాలని అడిగితే, ఎనిమిది రోజుల్లో ప్రపంచం నలుమూలల నుంచీ విరాళాలు వచ్చాయి. 2012 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో రిజిస్ట్రేషన్ అయింది. ఇలాంటి సంస్థకు వాటాదారులు ఉండరు. అంటే అమ్మడానికి యజమానే లేడు. ఏడుగురు సభ్యుల బోర్డును ఎన్నుకునేది కూడా పని చేసిన వాళ్లే, అంటే కోడ్ రాసినవాళ్లు, అనువాదం చేసినవాళ్లు, తప్పులు వెతికి చెప్పినవాళ్లు. బోర్డులో ఒకే కంపెనీ మనుషులు మూడో వంతుకు మించి ఉండటానికి వీల్లేదు. నాకు కోడ్ కన్నా ఈ నియమాలే గొప్పగా కనిపిస్తాయి.

మన జిల్లాల్లో చెరువు కింద సాగుచేసే రైతుకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నీళ్లు అందరివీ. కానీ తూముకు షట్టరు బిగించాలన్నా, కాలువలో పూడిక తీయించాలన్నా, తుపానుకు కట్ట తెగకుండా కాపు కాయాలన్నా ఒక సంఘం ఉండాలి, దాని చేతిలో నాలుగు డబ్బులుండాలి.

డబ్బులు లేకుండా పేరుకే సంస్థ ఉంటే ఏమవుతుందో 2014 ఏప్రిల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం చూపించింది. ఆ లోపం ఉన్నది ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో. ఇంటర్నెట్‌లో చాలా లావాదేవీలకు తాళంలా పనిచేసే దానికి అప్పట్లో ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. దాన్ని వాడుకుని వ్యాపారం చేసే పెద్ద కంపెనీలకు లోపం బయటపడ్డాక గానీ చెయ్యి జేబులోకి పోలేదు. ఆ తర్వాతే, లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కు అండగా ఉండే లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో ఇలాంటి కీలకమైన ప్రాజెక్టుల కోసం నిధి పోగుచేశారు.

ఇక మన సంగతి. నెల్లూరు ట్రంకు రోడ్డు సందుల్లోనైనా, ఒంగోలు కర్నూలు రోడ్డులోనైనా డీటీపీ సెంటర్లో పని జరిగే తీరు ఒకటే. పెళ్లికార్డు మేటర్ పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్లలో కొడతారు. ఆ ఫైలు తెరిచి 'సుముహూర్తం' అని వెతికితే దొరకదు. తెరమీద కనిపించేవి తెలుగు అక్షరాలే అయినా, లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్లు. కస్టమర్ వాట్సాప్‌లో యూనికోడ్‌లో, అంటే ఫోన్లూ వెబ్‌సైట్లూ తెలుగు అక్షరాలకు వాడే కోడ్‌లో మేటర్ పంపితే కన్వర్టర్‌లో వేసి మార్చుకోవాలి. వత్తులు చెదిరిపోతే ఒక్కొక్కటీ చేత్తో సరిదిద్దాలి. ఇంతా చేసి ఆ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చింది 2001లో. కంపెనీ దాన్ని ఎప్పుడో వదిలేసింది. కోడ్ బయట లేదు కాబట్టి ఇంకెవరూ బాగుచేయలేరు. పెళ్లికార్డుకు లిబ్రేఆఫీస్ సరిపోతుందని నేననను. కానీ అర్జీలు, ప్రాజెక్టు రికార్డులు, పంచాయతీ తీర్మానాల లాంటి పనులకు దివ్యంగా సరిపోతుంది. ఇవాళ దాచుకున్న ఫైలు ఇరవై ఏళ్ల తర్వాత కూడా తెరుచుకుంటుంది, ఎందుకంటే దాని ఫార్మాట్ 2006లోనే అంతర్జాతీయ ప్రమాణంగా నమోదైంది.

తెలుగు అక్షరాల కూర్పుకు లిబ్రేఆఫీస్ 2017లో అన్ని కంప్యూటర్ల మీదా హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్‌కు మారింది. ఆండ్రాయిడ్ ఫోన్లో వత్తులు సరిగ్గా కుదురుతున్నాయంటే అక్కడా పనిచేసేది ఇదే. కుడి నుంచి ఎడమకు రాసే లిపులు, మనలాంటి ఆసియా లిపుల చిక్కుల కోసం డాక్యుమెంట్ ఫౌండేషన్ ఇటీవలి ఏళ్లలో ఒక డెవలపర్‌ను జీతమిచ్చి పెట్టుకుంది. ఎవరో ఇచ్చిన పది యూరోలు తెలుగు వత్తు దాకా వచ్చే దారి ఇది.

అంతా సాఫీగా నడుస్తోందనీ కాదు. ఎక్కువ కోడ్ రాసే కంపెనీలకూ పేరు చేతిలో ఉన్న ఫౌండేషన్‌కూ మధ్య గొడవలు వస్తూనే ఉన్నాయి. 2020లో ఉచిత కాపీకి 'పర్సనల్ ఎడిషన్' అని ముద్ర వేయబోతే వాడేవాళ్లంతా ఒక్కపెట్టున వ్యతిరేకించారు, ఆ ఆలోచన మానుకున్నారు. ఒక కంపెనీ సరుకైతే ఈ మాట అడిగే చోటు కూడా ఉండదు.

అయితే బెర్లిన్ వాళ్లు ఎంత జీతమిచ్చి మనిషిని పెట్టినా, 'జ్యోత్స్న' అన్న మాట తెరమీద సరిగ్గా వచ్చిందా లేదా అని అతను చెప్పలేడు. అది మనమే చెప్పాలి. పొరుగున కేరళ ఈ పని ఎప్పుడో అందుకుంది. స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ అనే స్వచ్ఛంద బృందం వాళ్లు సొంతంగా ఫాంట్లు తయారుచేసి నిలబెట్టారు, అక్కడి ప్రభుత్వ బడుల్లో పిల్లలు లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. తెలుగులో ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ కృషి ఉంది గానీ జిల్లాల్లో దానికి తోడయ్యే చేతులు చాలా తక్కువ.

ఆ చేతులు మన డిగ్రీ కాలేజీల్లో ఉన్నాయి. రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. నెల్లూరులో విక్రమ సింహపురి, ఒంగోలులో ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయాలు లిబ్రేఆఫీస్ తెలుగు అనువాదాన్నీ, లోపాలు నమోదు చేసే పనినీ ఆ ప్రాజెక్టు కింద లెక్కలోకి తీసుకోవాలి. అనువాదమంతా వెబ్లేట్ అనే వేదిక మీద బ్రౌజర్‌లోనే జరుగుతుంది. కోడ్ రావక్కర్లేదు. తెలుగు శాఖ అధ్యాపకులు మాట సరిచూస్తే, కంప్యూటర్ శాఖ వాళ్లు లోపాన్ని ఫౌండేషన్ లోపాలు నమోదు చేసుకునే వెబ్‌సైట్ బగ్జిల్లాలో ఇంగ్లిష్‌లో రాసి పెడతారు. ఉచిత సాఫ్ట్‌వేర్‌కు మారే కాలేజీలు, ఆఫీసులు మిగిలిన లైసెన్సు సొమ్ములో పదో వంతైనా విరాళంగా పంపే ఏర్పాటు కూడా ఈ విద్యా సంవత్సరంలోనే మొదలు కావాలి.